తక్కువ రేటిచ్చే చోటికే పంపండి

పాత కారు తుక్కుకిద్దామనుకుంటున్నామని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా ఒకటే: నాలుగు చోట్ల రేటు కనుక్కో, ఎక్కువిచ్చేవాడికి తోలెయ్. నేను దానికి పూర్తిగా అడ్డం చెబుతాను. అందరికంటే ఎక్కువ రేటు పలికినవాడికి మీ బండి ఇవ్వొద్దు. బ్యాటరీ, టైర్లు ముందే ఊడదీసి విడిగా అమ్ముకోవద్దు. ఇంకో రెండేళ్ళు లాగుదామని మూల పెట్టొద్దు. తుక్కుకిచ్చినందుకు సర్టిఫికెట్ చేతికొచ్చింది కదా అని కొత్త కారు కొనొద్దు. ఇవన్నీ పాటిస్తే మీ జేబుకు కొంత చిల్లు పడుతుంది. ఎంత పడుతుందో కిందనే లెక్క కట్టి చూపిస్తాను. పడినా సరే ఇలాగే చేయమంటాను. బండి కొన్నరోజు గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వీధంతా స్వీట్లు పంచుతాం. అదే బండిని వదిలించుకునే రోజున అది ఎక్కడికి పోయిందో, ఎవడి చేతిలో పడిందో ఒక్కమాట కనుక్కోం. ఈ నిర్లక్ష్యం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పదిహేనేళ్ళు పిల్లల్ని బడికి, అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తిప్పిన బండి అది.

ప్రభుత్వ తుక్కు పథకం గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 2021 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ ఈ తుక్కు విధానం మాట ఎత్తారు. ఆగస్టు 13న ప్రధాని మోదీ దాన్ని ప్రారంభించారు. సెప్టెంబరులో తుక్కు కేంద్రాల నియమాలు వచ్చాయి. ప్రభుత్వం దగ్గర నమోదైన కేంద్రానికి బండి అప్పగిస్తే బండి ఖరీదుతో పాటు ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ అనే కాగితం ఇస్తారు. దాన్ని చూపించి కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. రోడ్డు ట్యాక్సులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు తగ్గించవచ్చని కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు చెప్పింది. ఆ లోపల ఎంత తగ్గించాలన్నది రాష్ట్రాల ఇష్టం. తెలంగాణ 2024 అక్టోబరులో తన విధానం ప్రకటించింది. పాత బండి ఉంచుకునేవాళ్ళ మీద భారం కూడా పెంచారు. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఢిల్లీ చుట్టుపక్కల తప్ప, వయసు దాటిందన్న ఒక్క కారణంతో మీ కారును ఎవరూ పట్టుకుపోరు. ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. కాబట్టి తుక్కుకిచ్చే నిర్ణయం మీది, దాని బాధ్యతా మీదే.

రాయితీ లెక్క ఒకసారి చూసి పక్కన పెట్టండి

హైదరాబాదులో ఆరు లక్షల కారు కొంటున్నారనుకోండి. ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 84,000. పాతిక శాతం పూర్తిగా తగ్గించారనుకున్నా మిగిలేది 21,000. కార్ల కంపెనీలు 2024 ఆగస్టులో ఏడాదిపాటు ఇస్తామని ఒప్పుకున్న తగ్గింపు కారు ధరలో 1.5 శాతం, లేదా 20,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఆరు లక్షలకు అది 9,000. ఆ గడువు తీరాక ఎవరు ఎంతిస్తున్నారో షోరూంలో అడగాల్సిందే, కానీ ఇప్పటికి దొరికిందనే అనుకుందాం. రిజిస్ట్రేషన్ ఫీజు 600. మొత్తం కలిపితే 30,600 రూపాయలు. ఆరు లక్షలు, దాని మీద ట్యాక్సు, ఇన్సూరెన్సు, బ్యాంకు వడ్డీ పెట్టుకుంటే దక్కేది ఈ ముప్పై వేలు.

పాత బండికొచ్చే ఖరీదు వేరే. కొత్త బండి షోరూం ధరలో నాలుగు నుంచి ఆరు శాతం దాకా రావచ్చని విధానం ప్రకటించినప్పుడు అన్నారు. ఆచరణలో తూకమే తేలుస్తుంది. మారుతి 800 లాంటి బండి మొత్తం బరువే 650 కిలోల చుట్టూ ఉంటుంది, అందులో సీట్లు, అద్దాలు, ప్లాస్టిక్కు కూడా ఉన్నాయి. కేంద్రంవాళ్ళు చెప్పిన రేటు వినగానే మీ మొహం వాడిపోతుంది. అదే సమయానికి మీ వీధి చివర పాత ఇనుము కొట్టతను నాలుగైదు వేలు ఎక్కువిస్తానంటాడు. సాయంత్రానికి నోట్లు చేతిలో పెడతానంటాడు, కాగితాల గొడవ లేదంటాడు, తానే వచ్చి తోసుకుపోతానంటాడు.

ఆ నాలుగైదు వేలూ వదులుకోండి. అవి ఎక్కడినుంచి వస్తున్నాయో తెలిస్తే మీకే వద్దనిపిస్తుంది.

ఎక్కువ రేటు ఎందుకొస్తుంది

తుక్కుకొట్టుల వెనకాల జరిగే పని నిలబడి చూడండి. ముందు బ్యాటరీ లాగేస్తారు. అందులోని యాసిడ్‌ను కాలవలోకో మట్టిలోకో ఒంపేస్తారు. తర్వాత బండిని ఒక పక్కకు దొర్లించి ఇంజన్ కింద నట్టు విప్పుతారు. నల్లటి ఆయిల్ ధారగా నేలమీదికి కారుతుంది. దాని పైన కాస్త ఇసకో బూడిదో చల్లి పని సాగిస్తారు. ఏసీ గొట్టాన్ని కటింగ్ ప్లేయరుతో ఒక్క నొక్కు నొక్కితే బుస్సుమని గ్యాసంతా గాలిలో కలిసిపోతుంది. ఆ గ్యాసు పేరు ఆర్ 134ఎ. ఒక్క కిలో ఆ గ్యాసు గాలిలో కలిస్తే వాతావరణానికి చేసే చెరుపు, దాదాపు 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసే చెరుపుతో సమానం. వైర్లన్నీ పీకి కుప్పపోసి అంటిస్తారు, పైన ప్లాస్టిక్కు కాలిపోతే లోపల రాగి మిగులుతుందని. ఆ పొగలో పని చేసేది పదహారు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు. చేతులకు గ్లోవ్స్ ఉండవు, కళ్ళకు అద్దాలుండవు. గ్యాస్ కటర్‌తో పెట్రోలు ట్యాంకు పక్కనే కోస్తుంటారు. ట్యాంకులో ఆవిరి మిగిలి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నమోదైన కేంద్రంలో ఇవే పనులు వేరే వరసలో, ఖర్చు పెట్టి చేయాలి. బండిని లిఫ్టు మీద ఎక్కించి పెట్రోలు, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంటు వేటికవి డ్రమ్ముల్లోకి తీయాలి. ఏసీ గ్యాసును యంత్రంతో లాగి సిలిండరులో పట్టాలి. ఎయిర్‌బ్యాగులుంటే వాటిని పేల్చి నిర్వీర్యం చేయాలి. ఆ తర్వాతే కటింగు. కింద సిమెంటు గచ్చు ఉండాలి, నీళ్ళు బయటికి పోకుండా కట్టడి ఉండాలి. కేంద్రానికయ్యే ఈ ఖర్చంతా మీకు చెప్పే రేటులోంచే తగ్గుతుంది. పక్కవీధి కొట్టు ఆ ఖర్చు పెట్టదు, మట్టి మీదా ఆ కుర్రాళ్ళ ఊపిరితిత్తుల మీదా వేస్తుంది. మీకు ఎక్కువగా అందే ఆ నాలుగు వేలు అక్కడినుంచి వచ్చినవే. రేటు తక్కువున్న చోటికి వెళ్ళమని అందుకే అంటున్నాను.

ఆ కొట్టతన్ని నేను దొంగ అనడం లేదు. చాలామంది తరతరాలుగా అదే పని చేసుకుంటూ బతుకుతున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్న నేర్పు ఏ కేంద్రంలోనూ దొరకదు. విజయవాడ ఆటోనగర్‌లో బండి చప్పుడు విని జబ్బు చెప్పే మేస్త్రులున్నారు. ఇలాంటివాళ్ళను నమోదైన కేంద్రాల్లోకి పనివాళ్ళుగా, వాటాదారులుగా తీసుకురావడమే ప్రభుత్వం ముందు చేయాల్సిన పని. ఆ పని జరిగేదాకా కూడా మీ బండి ఆ మంటల దగ్గరికి వెళ్ళకూడదు.

బండి చచ్చినా పేరు బతికుంటుంది

ఎక్కువ రేటుకు ఇంకో మూలం ఉంది, అది ఇనుము కంటే ఖరీదైనది. మీ ఆర్‌సీ కార్డు, ఛాసిస్ నంబరు, నంబరు ప్లేటు. చక్కగా కాగితాలున్న ఒక పాత కారు తుక్కైతే, అదే మోడల్, అదే రంగు దొంగ కారుకు ఆ నంబరు కొట్టి, ఆ కాగితాలు జత చేసి రోడ్డెక్కించే వ్యాపారం దేశంలో ఏళ్ళ తరబడి సాగింది. మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్ దొంగ బండ్లను ముక్కలు చేసి అమ్మడంలో అంత పేరు మోసింది కాబట్టే 2021 డిసెంబరులో పోలీసులు మూసేయించారు. మీ ఆర్‌సీ ఒరిజినల్ ఇస్తేనే ఎక్కువిస్తానని ఎవరైనా అంటే ఆ మాటకే జాగ్రత్తపడండి. ఇనుము కొనేవాడికి కాగితం ఎందుకు?

చట్టం ఏం చెబుతోందో కూడా వినండి. బండి పూర్తిగా పనికిరాకుండా పోయినా, నాశనమైనా పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. దీన్ని పాటించేవాళ్ళు నాకు తెలిసి చాలా అరుదు. అమ్మేశాం కదా, మనకేం సంబంధం అనుకుంటారు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసులోని కారు ప్రమాదం జరిగేనాటికే ఒకరినుంచి ఒకరికి చేతులు మారి నాలుగో మనిషి దగ్గరుంది. కానీ రికార్డుల్లో మొదటి యజమాని పేరే ఉంది. ప్రమాదంలో నష్టపోయినవాళ్ళకు పరిహారం కట్టాల్సింది రికార్డుల్లో పేరున్నవాడే అని తీర్పు. మీ చేతిలోంచి ఎప్పుడో పోయిన కారు, ఎక్కడో ఎవరినో గుద్దితే, సమన్లు మీ ఇంటికొస్తాయి.

నమోదైన కేంద్రానికి ఇవ్వమనడానికి నా దగ్గరున్న అతి బలమైన కారణం ఇదే. బండి తీసుకునే ముందు వాళ్ళు ప్రభుత్వ వాహన్ రికార్డుల్లో, దొంగ వాహనాల జాబితాలో సరిచూడాలి. అప్పు తీరిందా, కేసులున్నాయా అని కనుక్కోవాలి. ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి విడిగా భద్రపరచాలి. చివర ‘సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్’ అనే రెండో కాగితం పుట్టాలి. మొదటిది, అంటే డిపాజిట్ సర్టిఫికెట్, బండి అప్పగించినందుకు రసీదు. దాంతో రాయితీ వస్తుంది కాబట్టి జనం దాన్ని తీసుకుని సంతోషంగా ఇంటికొచ్చేస్తారు. మీరు రెండోదాని కోసం పట్టుబట్టండి. మొదటిది డబ్బు కోసం, రెండోది మీ బండి నిజంగా లేదని చెప్పడం కోసం.

షోరూంవాళ్ళ ఎక్స్‌ఛేంజ్ బోనస్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని తీసుకోవద్దు. బోనస్ పేరుతో తీసుకున్న పాత కారు తుక్కుకే పోతుందన్న హామీ ఏమీ లేదు. చాలాసార్లు అది బ్రోకరు చేతిలోకి, అక్కడినుంచి ఒక చిన్న పట్టణానికి, అక్కడినుంచి ఫిట్‌నెస్ అడిగేవాడు లేని మండలానికి వెళ్తుంది. నగరం గాలి బాగుపడిందని మనం మురిసిపోతే ఆ పొగ వేరే ఊరి పిల్లలు పీలుస్తారు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ అన్నాక, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టాక, అక్కడి బండ్లు ఎన్‌ఓసీలు పట్టుకుని ఇతర రాష్ట్రాలకు బయల్దేరాయి. మన హైదరాబాదు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ‘ఢిల్లీ బండి’ అంటే తెలియనివాడు లేడు.

అమెరికా చేసిన పని నాకు నచ్చింది

2009 వేసవిలో అమెరికా ప్రభుత్వం పాత కారిచ్చి కొత్తది కొనేవాళ్ళకు 3,500 లేదా 4,500 డాలర్లు ఇచ్చింది. ఒబామా జూన్‌లో సంతకం పెట్టిన ఆ పథకానికి మొదట కేటాయించిన వంద కోట్ల డాలర్లు వారం తిరిగేసరికి అయిపోతే, ఇంకో రెండు వందల కోట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆగస్టు 24కల్లా అదీ ముగిసింది. దాదాపు 6.8 లక్షల కార్లు పోయాయి. ఎక్కువగా వచ్చినవి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ లాంటి పెట్రోలు తాగే పెద్ద బండ్లు, ఎక్కువగా కొన్నది టొయోటా కరోలా లాంటివి.

అందులో ఒక నిబంధన మీద చాలామంది మండిపడ్డారు. నాకు మాత్రం ఆ పథకంలో అన్నిటికంటే మంచి పని అదే అనిపిస్తుంది. డీలరు తన షెడ్డులోనే ఇంజన్‌ను చంపాలి. ఎలాగంటే, ఆయిల్ మొత్తం తీసేసి దాని చోట సోడియం సిలికేట్ ద్రావణం పోస్తారు. ఇంజన్ స్టార్ట్ చేసి నిమిషానికి రెండు వేల చుట్ల వేగంతో తిరగనిస్తారు. వేడికి ద్రావణంలోని నీరు ఆవిరైపోయి మిగిలింది గాజులా గట్టిపడుతుంది, బేరింగులను ఎక్కడికక్కడ పట్టేస్తుంది. కొద్ది నిమిషాల్లో కీచుమంటూ, ఊగిపోతూ ఇంజన్ ఆగిపోతుంది. మళ్ళీ ఎవరూ దాన్ని తిప్పలేరు. బాగా నడిచే ఇంజన్లను అలా చంపడం పాపమని, పేదవాళ్ళు కొనుక్కునే కార్లు లేకుండా పోయాయని అన్నారు. ఆ రెండోమాటలో నిజం లేకపోలేదు. కానీ ప్రజల డబ్బు ఇచ్చి తీసుకున్న బండి మళ్ళీ రోడ్డెక్కకూడదంటే దాని ఆఖరి శ్వాసను ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి.

చూడకపోతే ఏమవుతుందో అదే ఏడాది జర్మనీలో తేలింది. తొమ్మిదేళ్ళు దాటిన కారు తుక్కుకిచ్చి కొత్తది కొంటే 2,500 యూరోలు. నూట యాభై కోట్లతో మొదలుపెట్టి ఐదు వందల కోట్ల యూరోలకు పెంచారు. సెప్టెంబరుకల్లా ఇరవై లక్షల కార్లతో సొమ్ము హరించుకుపోయింది. తుక్కయినట్టు రాసిన కార్లలో కొన్ని ఓడలెక్కి ఆఫ్రికాకు, లారీలెక్కి తూర్పు యూరప్‌కు వెళ్ళిపోయాయి. అలా జారిపోయినవి యాభై వేల దాకా ఉండొచ్చని అక్కడి నేర పరిశోధక పోలీసుల సంఘం అంచనా వేసింది. అంత పద్ధతిగా పని చేసే దేశంలోనే అలా జరిగితే, మన దగ్గర యజమాని తనంతట తాను వెంటపడకపోతే ఎలా?

అందుకే మీరు బండితో పాటు కేంద్రానికి వెళ్ళండి. పికప్ ఉచితమని, ఇంటికొచ్చి తీసుకుపోతామని చెబుతారు. వద్దనండి. కేంద్రం మీ జిల్లాలో లేకపోతే పక్క జిల్లాకు వెళ్ళండి, వంద కిలోమీటర్లున్నా, రెండు వందలున్నా, మీ ఖర్చుతో టోయింగ్ బండి పెట్టుకుని మీరూ వెంట వెళ్ళండి. లిఫ్టు మీద ఎక్కించి ఆయిల్ తీసేదాకా నిలబడతానని మర్యాదగా అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో కేంద్రం వెతకండి.

ఏమీ ఊడదీయకండి

ఇది మన ఇళ్ళల్లో ఎవరికీ నచ్చని సలహా. బండి ఇచ్చే ముందు రోజు బావమరిదో తోడల్లుడో వచ్చి, బ్యాటరీ కొత్తదే కదా బావా, ఇన్వర్టర్‌కు పెడదాం అంటాడు. ఇంకొకరు స్టీరియో, ఇంకొకరు స్టెప్నీ. ఎవరో మెకానిక్కు సైలెన్సర్ దగ్గరున్న కేటలిటిక్ కన్వర్టర్‌కు మంచి రేటుందని చెబుతాడు. దాని లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది కాబట్టి ఆ మాట నిజమే.

ఏదీ తీయనివ్వకండి. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. అది పెరటి కొలిమిలో కరిగితే ఆ పొగ చుట్టుపక్కల ఇళ్ళ పసిపిల్లల రక్తంలో చేరుతుంది. పిల్లల ఎదుగుతున్న మెదడును సీసం పట్టి పీడిస్తుంది. కన్వర్టర్ సరైన చోట కరిగితే ఆ లోహాలు మళ్ళీ వాడుకలోకి వస్తాయి, కొత్తగా గని తవ్వాల్సిన పని కొంత తగ్గుతుంది. అన్నీ ఉన్న బండికీ ఊడదీసిన బండికీ కేంద్రం రేటులో కొంత తేడా ఉంటుంది. ఆ తేడా విడిగా అమ్మితే వచ్చేంత ఉండదు. ఆ నష్టం కూడా భరించండి. బండిలోంచి మీరు తీసుకోవాల్సింది మీ సొంత వస్తువులు, దేవుడి బొమ్మ, డ్యాష్‌బోర్డులో మర్చిపోయిన కాగితాలు, ఫాస్టాగ్ స్టిక్కరు. ఫాస్టాగ్‌ను బ్యాంకుకు చెప్పి మూయించండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ బోనస్ బండిది కాదు, మీది. మూడేళ్ళ వరకు దాచుకోవచ్చు.

ఏ కారు ముందు పోవాలి

రోజూ తిరిగే కారు కాదు. పండక్కీ పెళ్ళికీ తప్ప కదలని కారు ముందు పోవాలి. ఆర్థికవేత్తలు దీనికి ఒప్పుకోరు. కదలని కారు పొగ వదలదు, దానికి రాయితీ దండగ, ఎక్కువ తిరిగే పాత కారునే తీయాలంటారు. వాళ్ళ లెక్క వాళ్ళది. నేను మాత్రం అపార్టుమెంటు సెల్లారులో కవరు కప్పుకుని ఏళ్ళ తరబడి నిలబడిన బండ్ల గురించి చెబుతున్నాను. గాలి లేని టైర్లు, కిందికి చుక్కచుక్కగా కారే ఆయిలు, వానాకాలం లోపల నిలిచిన నీళ్ళలో దోమలు. వీధిలో నిలబడ్డ బండి అయితే అంబులెన్సు దారికి అడ్డం. దాన్ని వాడేవాళ్ళు లేరు, వదిలేవాళ్ళు లేరు. ‘నాన్నగారి కారు’ అనే మాట మీద ఆగిపోయిన బండ్లు ఊరికి వందల్లో ఉంటాయి. ఆ మమకారం నాకు అర్థమవుతుంది. ఆయన ఫోటో దాచుకోండి, తాళం చెవి దాచుకోండి. బండిని తుప్పుకు వదిలేయడం ఆయనకిచ్చే గౌరవం కాదు.

హైదరాబాదులో మారుతి 800 ఉన్నవాళ్ళకు ఒక మాట. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 ప్రమాణాలు పెద్ద నగరాలకు వచ్చినప్పుడు ఆ కారును కంపెనీ అక్కడ అమ్మడం ఆపేసింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. కాబట్టి నగరంలో కొన్న ఏ 800 అయినా ఇప్పటికి పదిహేనేళ్ళు దాటిందే. రోజూ ఆఫీసుకు దానిమీదే వెళ్తూ, పొగ పరీక్ష పాసవుతూ, బ్రేకులు సరిగ్గా ఉంటే ఫీజు కట్టి పొడిగించుకోండి. రాయితీ ఆశపడి తీయకండి. కొత్త కారు ఒకటి తయారవ్వాలంటే ఇనుము, అల్యూమినియం, రబ్బరు, కరెంటు అన్నీ కలిసి టన్నుల కొద్దీ బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. బాగా నడిచే చిన్నకారును ముప్పై వేల రాయితీ కోసం చంపితే ఆ లెక్క తీరడానికి ఏళ్ళు పడుతుంది.

సర్టిఫికెట్‌తో కారు కొనకండి

అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఇది. ఈ పథకాలన్నీ మీ పాత కారు చావును ఇంకో కారు పుట్టుకకు కట్టేస్తాయి. అమ్మకాలు పెరగాలన్నది వాటి అసలు కోరిక. అమెరికా పథకం మీద అతిఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. ఆ రెండు నెలల్లో పెరిగిన అమ్మకాలు తర్వాతి నెలల్లో అంతకు అంతా తగ్గిపోయాయని, 2010 మార్చి నాటికి మొత్తం సమమైపోయిందని తేల్చారు. ఎలాగూ కొనేవాళ్ళు కాస్త ముందు కొన్నారు, అంతే.

మీ ఇంట్లో కారు నిజంగా అక్కర్లేకపోతే పాత బండి పోయినచోట ఖాళీగానే ఉంచండి. ఆర్టీసీ, మెట్రో, ఆటో చాలకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. ఆ డిపాజిట్ సర్టిఫికెట్ మురిగిపోతుందని బెంగపడకండి. అది ఎలక్ట్రానిక్‌గా ఇంకొకరి పేరు మీదికి మార్చదగినదే. ఎలాగూ కారు కొనబోయే మీ పెదనాన్నగారి అబ్బాయికో, కాలనీలో ఎవరికో ఇవ్వండి. డబ్బుకు అమ్మినా తప్పు లేదు. కొనబోయే బండి తరగతికి అది చెల్లుతుందో లేదో, గడువెంతుందో రవాణా శాఖలో ముందే కనుక్కోండి. నోటిమాట మీద కాగితం చేతికివ్వకుండా పోర్టల్లోనే బదిలీ చేయించండి.

2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నియమాల కింద, రిజిస్ట్రేషన్ కాలం తీరిన బండిని దాని యజమాని 180 రోజుల్లో కేంద్రానికి అప్పగించాలి. తయారుచేసిన కంపెనీల మీద కూడా తాము ఎన్నడో అమ్మిన బండ్ల ఇనుములో ఒక వంతు తుక్కయి తిరిగొచ్చేలా చూసే బాధ్యత పెట్టారు. మొదటి ఐదేళ్ళకు అది 8 శాతం, తర్వాత పెరుగుతుంది. నన్నడిగితే 8 శాతం మరీ తక్కువ. కానీ కంపెనీని కూడా ఆఖరి రోజున అక్కడికి రప్పించిన మొదటి నియమం కాబట్టి స్వాగతిస్తాను.

కాగితాల పని మీరే చేయండి, బ్రోకరుకు అప్పగించకండి. పరివాహన్ పోర్టల్లో మీ పేరుతో దరఖాస్తు పెట్టండి. ఫైనాన్సు మీద కొన్న బండి అయితే అప్పు తీరి పదేళ్ళయినా రికార్డుల్లో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవచ్చు. ముందు హైపోతికేషన్ తీయించండి. పెండింగ్ చలానాలు కట్టేయండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చే పని ముందు జరగాలి, దానికి టైము పడుతుంది, తొందరపడి కాగితం లేకుండా తోసేయకండి. డబ్బు నగదుగా తీసుకోకండి, బ్యాంకు ఖాతాలోకే రావాలి.

ఇవన్నీ అయ్యాక ఒక నెల ఆగి, మీ పాత నంబరు కొట్టి వాహన్‌లో చూడండి. ఇంకా ‘యాక్టివ్’ అని చూపిస్తుంటే రెండు సర్టిఫికెట్ల కాపీలు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళండి, దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోండి. మర్నాడు రమ్మంటే మర్నాడు వెళ్ళండి. రికార్డు మారేదాకా వెళ్తూనే ఉండండి.